ఎడమవైపు బొత్తాం

ఎక్కడికి అని అడగడంలో తప్పేముంది, ఎవరైనా అడుగుతారు, రిక్షావాడు అడగడా, బస్సు కండక్టరు అడగడా. కాని రిక్షావాడికి ఒకసారి చెబితే సరిపోతుంది. కారు హేండిలు తిప్పే దాలయ్యకు సరిపోదు. చెప్పింది విని, కారు మూతి చుట్టూ తిరిగి వెళ్ళి, హేండిల్ను కళ్ళకద్దుకుని, కింద కన్నంలో దూర్చి, అప్పుడు తలెత్తి వీధి చివరికి వినపడేటట్టు మళ్ళీ అడుగుతాడు. ఏ పక్కకన్నారమ్మాయిగోరూ? ఆ రెండోసారి దగ్గరే పద్మకుమారికి ఒళ్ళు మండుతుంది. అప్పటికి ఎదురింటి బుల్లమ్మ పాలచెంబు పట్టుకుని గుమ్మంలోకి వచ్చి ఉంటుంది. మేడమీద కిటికీ రెక్క ఒకటి తెరుచుకుని వదిన గాజుల చెయ్యి కనిపిస్తుంది. తను జవాబు చెప్పేది దాలయ్యకు కాదు, వాళ్ళకి. శృంగవరపుకోట, మొక్కల కోసం. భీమిలి రోడ్డు, మొక్కల కోసం. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే ఉద్యోగం కాబట్టి సరిపోయింది, లెక్కలు చెప్పే ఉద్యోగమయితే ఏ వంక దొరికేది? తిరిగి వచ్చేటప్పుడు సాక్ష్యానికి ఒక కొమ్మ విరుచుకు రావడం కూడా అలవాటయింది. ఆ కొమ్మలు ఇంట్లో ఎండి రాలుతుంటే వదిన వాటిని ఊడ్చి పోస్తూ, ఇంత దూరం పోయి తెచ్చేది ఇదేనా అన్నట్టు చూస్తుంది. నిజమే, అది కాదు. మరి ఏది అంటే చెప్పడానికి ఏమీ లేదు. ఏమీ లేకపోవడం కోసమే వెళ్ళాలని ఉంటుంది ఒక్కోసారి. అది ఏ పక్కకని చెబుతుంది?

పద్మకుమారి స్టూలు మీద కాలు మార్చి కూర్చుంది. కంటోన్మెంటు రోడ్డులో అప్పలసూరి షెడ్డుకి పైన రేకులు, కింద నూనె తాగి నల్లబడిన నేల. నడుమ ఇటుకల మీద నిలబెట్టిన కారు. దొరల కాలంలో ఇంగ్లండు నుంచి దిగిన రెండు సీట్ల పరుగు బండి. పొడుగాటి ముక్కు, బయటికి పొడుచుకొచ్చిన దీపాలు, ఆకుపచ్చ రంగు. విజయనగరంలో దాన్ని కారు అన్నవాళ్ళు లేరు, మిడత అంటారు. తండ్రి పోయాక అది పద్మకుమారికి వచ్చింది. అన్న నరసింగరావు ప్లీడరు. ఆయన పొట్టకీ స్టీరింగుకీ మధ్య రాజీ కుదరలేదు, అంతకు మించి ఆమె హక్కు ఏమీ లేదు.

అప్పలసూరి కారు కింద నుంచి వెల్లకిలా జరిగి బయటికి వచ్చాడు. అంచున పళ్ళ వలయం తొడిగిన చక్రం ఒకటి గోనె మీద పెట్టి గుడ్డతో తుడిచాడు. స్టార్టరు మోటారు పన్ను కరిచి ఇంజన్ను తిప్పేది దీన్నే. పాత మోటారు ఎన్నడో కాలిపోయి, దాన్ని పీకి పారేశాక, మిడతని లేపడానికి హేండిలు ఒక్కటే మిగిలింది. ఇప్పుడు విశాఖపట్నంలో ఎవరిదో విరగ్గొట్టిన వ్యానులోంచి మోటారు తెప్పించాడు సూరి. బొత్తాం నొక్కితే చాలు, ఇంజను లేస్తుంది.

"ఇటు సూడండి మేడంగారూ," అన్నాడు. "ఈ పక్క పళ్ళన్నీ అరిగిపోనాయి. ఆ పక్కవి కొత్తవే. ఎందుకో తెలుసాండి? ఇంజను ఆరినప్పుడల్లా ఇంచుమించు ఒక్క సోటే ఆగుతాది. మళ్ళీ లేపినప్పుడు మోటారు ఆ సోటే కరుస్తాది."

ఎప్పుడూ ఒకే చోట ఆగడం, ఆగిన చోటే అరగడం. ఆమెకు నవ్వు రాబోయి చిరాకయింది. ఈ మధ్య ప్రతి వస్తువూ తన గురించే మాట్లాడుతున్నట్టుంటుంది. ఏం చేస్తావని అడిగింది. కాల్చి, పళ్ళ వలయం ఊడదీసి, చోటు మార్చి ఎక్కిస్తానన్నాడు. బ్లోలాంపు వెలిగించాడు. నీలం మంట చక్రం చుట్టూ నిమ్మళంగా తిప్పుతూ, రెండో చేత్తో కొయ్య సుత్తి పట్టి తట్టాడు. ఎక్కడా గట్టిగా కొట్టలేదు. తట్టడం, ఆగడం, చెవి వంచి వినడం. కాసేపటికి వలయం చిన్న నిట్టూర్పులాంటి చప్పుడు చేసి వదులయింది.

గుమ్మం దగ్గర లవంగం వాసన వచ్చింది. చూడకుండానే తెలిసింది. దాలయ్య. ఎప్పుడూ నోట్లో లవంగం ఉంటుంది, కారులో పక్కన కూర్చుంటే ఆ వాసన గాలికి కూడా పోదు. కుడిచేతి మణికట్టుకు వెదురుబద్దల కట్టు, మెడ నుంచి గుడ్డ ఊయల. ఎడమ చంకలో, పాత తువ్వాలులో చుట్టిన హేండిలు. షెడ్డులో ఎవరైనా ఎత్తుకుపోతారని ఇంటికి తీసుకుపోతున్నాడట.

ఆ చెయ్యి చూడగానే పోయిన ఆదివారం మళ్ళీ కళ్ళముందుకు వచ్చింది. అతను హేండిలు తిప్పాడు. ఇంజను అందుకున్నట్టే అందుకుని వెనక్కి తన్నింది. హేండిలు గిర్రున తిరిగి మణికట్టు మీద కొట్టింది. దాలయ్య నేలమీద చతికిలబడి, చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, "అబ్బే, ఏటీ నేదండి, మళ్ళీ తిప్పుతానుండండి," అన్నాడు. పద్మకుమారి స్టీరింగు ముందు నుంచి లేవలేదు. ఆ క్షణంలో ఆమెకు కలిగింది జాలి కాదు. ఈ రోజు వెళ్ళడం కుదరదన్న విసుగు. దాని వెనకాలే, ఇంకా సిగ్గుచేటుగా, సంతోషం. ఇక బొత్తాం పెట్టించవచ్చు. ఎవరూ కాదనలేని కారణం దొరికింది. జాలి ఆ తర్వాత వచ్చింది, ఆలస్యంగా, చుట్టంలాగ.

"దాలయ్య కోసం," అని చెప్పింది అందరికీ. అన్నకి, వదినకి, సూరికి, దాలయ్యకి కూడా. ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట. ఎవరూ ఎదురు చెప్పలేదు. కాలేజీలో ప్రిన్సిపాలు కూడా, పనివాళ్ళ మీద అంత దయ ఈ రోజుల్లో ఎవరికుంది అంది.

"బొత్తానికి సన్న తీగ సాలండి," అంటున్నాడు సూరి. "పెద్ద కరెంటంతా ముందునే ఉండిపోతాది. ఎక్కడ పెట్టమంటే అక్కడ పెడతాను, సీటు కిందన పెట్టమన్నా పెడతాను. ఎక్కడ పెట్టమంటారు?"

దాలయ్య ఆమె మొహం వైపు చూస్తున్నాడు. లవంగం నోట్లో ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మారింది. ఇప్పుడు ఈ కాసింత దానికి కూడా తను చోటు చెప్పాలి, అదీ అతని ముందు. ఏ పక్కకి అమ్మాయిగోరూ.

"ఎక్కడ పెట్టాలో నీకు తెలీదా సూరీ," అని గొడుగు తీసుకుని లేచింది. అంత తెలివైనవాడికి ఆ మాత్రం తెలీదా, స్టీరింగు పక్కన, తోలే మనిషి ముందు. కాలేజీకి వేళవుతోంది.

*

భోజనాల దగ్గర నరసింగరావు మజ్జిగ పోసుకుంటూ పేపరులో చదివినదంతా చెప్పాడు. పాతపట్నం అవతల కొండల్లో గొడవలు ఎక్కువయ్యాయి. రోడ్ల మీద పోలీసులు బళ్ళు ఆపుతున్నారు. ఇలాంటి రోజుల్లో ఆడది కారేసుకుని మొక్కల కోసం తిరగడం ఏమిటని ఆయన అనలేదు. అనడు. ఆయన పద్ధతి అది కాదు. తనకేమీ అభ్యంతరం లేదని ముందు చెప్పి, ఆ తర్వాత లోకానికి ఉన్న అభ్యంతరాలు ఒక్కొక్కటే విస్తట్లో వడ్డిస్తాడు.

"నాకేటి, నువ్వు ఎక్కడికెళ్ళినా ఒకటే. దాలయ్య పక్కనుంటే నాకు నిశ్చింత. నాన్న అతన్ని ఊరికే పెట్టుకోలేదు. హేండిలు తిప్పేవాడే కాదు, తోడు."

"అతని చెయ్యి అలా ఉంది కదన్నయ్యా."

"అందుకే కదా నువ్వు బొత్తాం పెట్టిస్తన్నావు. మంచి పని. రేపు కోర్టు నుంచి వస్తూ నేనూ ఓసారి సూరిగాడి పని చూస్తాలే."

వద్దు అనడానికి నోరు తెరిచింది. ఎందుకు వద్దంటే ఏం చెప్పాలి? ఆమె ఎన్నడూ ఏ విషయంలోనూ అన్నతో పోట్లాడలేదు. పోట్లాటకు ముందే ఒక మంచి కారణం వెతుక్కునేది, అది ఆయన ఒప్పుకునే కారణమే అయి ఉండేది. అలా ఎంతో స్వేచ్ఛగా బతికింది. నారాయణమ్మ వదిన కూర వడ్డించబోతే, చాలు చాలు అని విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టింది, ఉండవలసిన దానికన్నా కొంచెం గట్టిగా.

*

మిడత శుక్రవారం సాయంత్రం ఇంటికి వచ్చింది. ఆమె కాలేజీ నుంచి వచ్చేసరికి వాకిట్లో జనం. చక్రాల కింద నిమ్మకాయలు, కొబ్బరికాయ, హారతి పళ్ళెం. వదిన కొత్త చీర కూడా కట్టుకుంది. బుల్లమ్మ మనవడిని ఎత్తుకుని వచ్చి గేటుకు ఆనుకుని ఉంది. సూరి చేతులు కడుక్కుని, తలకు నూనె రాసుకుని, పెళ్ళికొడుకు తరఫువాడిలా నిలబడ్డాడు.

పద్మకుమారి తలుపు తీసి స్టీరింగు ముందు కూర్చుంది. చూపు కుడిపక్కకు వెళ్ళింది, తర్వాత నడుమ ఉన్న గుండ్రటి అద్దాలకు వెళ్ళింది. లేదు. అప్పుడు కనిపించింది. ముందున్న వాల్‌నట్ చెక్కకి ఆ చివర, ఎడమ సీటు ఎదురుగా, ఇత్తడి చట్రంలో నల్లటి బొత్తాం. దాని మీద అప్పుడే వదిన పెట్టిన కుంకుమ బొట్టు.

కొంతసేపు ఆమెకు ఏమీ అర్థం కాలేదు. తర్వాత ఎంత బాగా అర్థమయిందంటే, చెవులు వేడెక్కాయి. దాలయ్య కోసం. తన నోటి మాట ప్రకారం దాలయ్య కోసమే. వీళ్ళెవరూ మోసం చెయ్యలేదు, వెక్కిరించలేదు. తను చెప్పిన మాటను నిజమని నమ్మి, దానికి చెక్కలో కన్నం పెట్టి, ఇత్తడి చట్రం బిగించి, కుంకుమ పెట్టి ఇచ్చారు.

"దగ్గరుండి పెట్టించాను," అన్నాడు నరసింగరావు.

దాలయ్య తలుపు తీసుకుని పక్కన కూర్చున్నాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. కట్టు ఉన్న చెయ్యి ఊయలలో ఉంది కాబట్టి ఎడమ చెయ్యి చాపాడు. నారాయణమ్మ గభాలున హారతి పళ్ళెం అడ్డం పెట్టింది.

"ఎడం చేత్తోనా దాలయ్యా, మొదటిసారి? తప్పు కాదూ."

అతను సిగ్గుపడ్డాడు. ఊయలలోంచి కుడిచెయ్యి బయటికి తీశాడు. వెదురుబద్దలతో అది ఎటూ వంగదు, అందుకని నడుమంతా తిప్పి, మోకాలు చెక్కకు ఆనించి, బొటనవేలు తీసుకెళ్ళి కుంకుమ మీద ఆనించాడు. నొక్కినప్పుడు కింది పెదవి పళ్ళ మధ్యకి వెళ్ళింది. ముందు ఎక్కడో ఇనుము ఇనుమును కరిచిన చప్పుడు, ఒక దగ్గు, ఇంకొకటి. మిడత లేచింది. వాకిలంతా చప్పట్లు. బుల్లమ్మ మనవడు భయపడి ఏడ్చాడు.

అందరూ దాలయ్యనే చూస్తున్నారు. క్లచ్చి తొక్కి పట్టుకుని, రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని కూర్చున్న మనిషిని ఎవరూ చూడలేదు. ఆమెకు లవంగం వాసన తగిలింది. అతను ఆమె వైపు తిరిగాడు. ఆ మొహంలో ఉన్నది గర్వమో బాధో తెలియలేదు.

"ఏ పక్కకి అమ్మాయిగోరూ?"

"గంటస్తంభం దాకా," అంది. గంటస్తంభం దాకా వెళ్ళి, తిప్పి, ఇంటికి తెచ్చేసింది.

*

మార్చమంటే సూరి గంటలో మారుస్తాడు, ఎంత పని? మర్నాడు కాలేజీ వదిలాక ఎండలో నడిచి షెడ్డుకి వెళ్ళింది. దారంతా వాక్యం తయారు చేసుకుంటూనే ఉంది. బొత్తాం నా పక్కకి మార్చు సూరీ. ఇంతే. ఇందులో కష్టమేముంది? క్లాసులో వందమంది ఆడపిల్లల ముందు పుష్పం భాగాలన్నీ సంకోచం లేకుండా చెప్పే మనిషి ఒక బొత్తాం పక్క మార్చమని చెప్పలేదా?

చెప్పింది కూడా. సూరి పని ఆపి చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు.

"మారుస్తానండి, నాకేటి. మరి దాలయ్య అక్కణ్ణించి ఎలగ నొక్కుతాడు? మీ మీదుగా సెయ్యి సాపాలి గదా. బాగుండదు."

"నేను నొక్కుకుంటాను."

"మీకెందుకండీ ఆ శ్రమ? ఆ ముసిలోడు పక్కన ఖాళీగా కూకుంటే?"

ఇక్కడే చెప్పాలి. పక్కన ఎవరూ ఉండరు. ఇంత చిన్న మాట. అది గొంతు దాకా వచ్చి, అక్కడ ఆగి, చూస్తుండగానే వేషం మార్చుకుంది.

"అతనికి చెయ్యి నొప్పి కదా, అందుకని."

సూరి మొహం వెలిగింది. "అదాండి. అలగయితే బొత్తాం ఇంకాస్త మెత్తగా సేస్తాను, స్ప్రింగు మారుస్తాను. సిన్నపిల్ల నొక్కినా లోపలికి ఎల్లిపోతాది. ఆదివారం పొద్దున్నే ఒచ్చి సేసీసి ఎల్తాను. బాబుగోరు, దాలయ్య, ఇద్దరూ ఆ పక్కే పెట్టమన్నారండి, ఇప్పుడు నాను పీకితే వాళ్ళేటంటారు?"

దాలయ్య కూడా. అయితే అతనే అడిగి పెట్టించుకున్నాడన్నమాట. తన సీటు, తన బొత్తాం. అన్న పెట్టిన కాపలా అనుకుంది ఇన్నాళ్ళూ, కాదు, ఆ మనిషికే ఇష్టం ఈ కాపలా. ఇంటికి నడుస్తూ ఆమె అతన్ని మనసులో నిలబెట్టి తిట్టింది. అతని లవంగాన్ని, తువ్వాలుని, కళ్ళకద్దుకోవడాన్ని, రెండోసారి అడగడాన్ని. మూడు లాంతర్ల కూడలి దగ్గరకు వచ్చేసరికి తిట్లు అయిపోయాయి. వాటి అడుగున తను తయారు చేసుకున్న వాక్యం అలాగే ఉంది, ఎవరూ ముట్టుకోకుండా.

*

ఆదివారం. స్ప్రింగు మెత్తబడింది. శృంగవరపుకోట, మొక్కల కోసం, అని చెప్పింది. దాలయ్యకు ఒకసారి, వీధికి ఒకసారి. హేండిల్ను అతను తువ్వాలుతో సహా సీటు వెనక్కి తోశాడు. ఎడమచేత్తో బొత్తాం నొక్కాడు. మొదటిసారి కాదు కాబట్టి వదిన ఏమీ అనలేదు.

శృంగవరపుకోటకు గంట్యాడ వైపు తిరగవలసిన చోట ఆమె తిరగలేదు. ఎందుకు తిరగలేదో ఆలోచించలేదు. చేతులు స్టీరింగును ఇంకో పక్కకు తిప్పాయి, అంతే. ట్రంకు రోడ్డుకి పోయే దారి. కళ్ళాలకు పోతున్న బళ్ళు, రోడ్డు మీద ఆరబోసిన చోళ్ళు, వాటి మీదుగా వెళ్ళమని చేతులు ఊపే ఆడవాళ్ళు. దాలయ్య ఏమైనా అంటాడేమో అని చూసింది. అనాలని కూడా ఉంది, అంటే కోపం తెచ్చుకోవచ్చు. అతను తలుపు అంచుని ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని, కళ్ళు దూరంగా ఎక్కడో నిలిపి, దవడ బిగించి కూర్చున్నాడు. తప్పుదారి పట్టానని చూపించడానికి ఆ బిగింపు. సరే, ఉండు. ఆమె వేగం పెంచింది. వంపుల దగ్గర కూడా తగ్గించలేదు.

ట్రంకు రోడ్డు కలిసేచోట టీ దుకాణం ఉంది. దానికి కొంచెం ఇవతల దాలయ్య చెయ్యెత్తాడు. ఆపమని. ఆమె ఆపి, ఇంజను కూడా ఆర్పేసింది. ఇప్పుడు అడుగుతాడు. అడగనీ.

అతను తలుపు తీసుకుని దిగి, నాలుగడుగులు వేసి, ముళ్ళడొంక పక్కన కూలబడి వాంతి చేసుకున్నాడు.

ఆమె దుకాణం నుంచి చెంబుతో నీళ్ళు తెచ్చింది. అతను నోరు పుక్కిలించి, మొహం కడుక్కుని, గట్టు మీద కూర్చున్నాడు. చెంబును రెండు మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగి ఉన్నాయి.

"అమ్మాయిగోరూ, ఒక మాట సెప్తాను, ఏటీ అనుకోకండి."

"చెప్పు."

"నాకు ఈ బండి పడదండి."

ఆమె కారు వైపు చూసింది.

"పెద్దబాబుగోరు ఎక్కించుకున్న కాణ్ణించీ అంతేనండి. పడవలో పుట్టినోణ్ణి. కళింగపట్నంలో మా అయ్యతోటి ఏటకెల్తే, కెరటం ఇంటెత్తు లేసినా ఏటయ్యీది కాదు. ఈ మిడతలో కూకుంటే కడుపులో దేవేస్తాది. లవంగం సప్పరిస్తే కూసింత ఆగుతాది. ఈరోజు మరి, మీరు తోలిన తోలుడికి, లవంగం కూడా ఒచ్చీసినాది."

ఇన్నేళ్ళ లవంగం. దాన్ని అతని హుందాతనం అనుకుంది ఒకప్పుడు, తర్వాత అతని మొండితనం అనుకుంది. అతని దవడను ఎన్నిసార్లు ఓరగా చూసిందో, ప్రతిసారీ అందులో తనమీద తీర్పే కనిపించింది.

"మరి ఎందుకు చెప్పలేదు ఇన్నాళ్ళూ?"

"తిప్పీవోడు ఇంకొకడు నేడు గదండి. మీరేమో ఎల్లాలి. ఏ పక్కకెల్తారో మీకే తెల్దు, ఎల్లడం మటుకు ఎల్లాలి. అది నాకు తెలుసండి. రెండుసార్లు ఎందుకడుగుతానూ? దూరమయితే ఇంకో లవంగం మడతెట్టుకుందారనీసి."

ఆమె గట్టు మీద, కాస్త ఎడంగా కూర్చుంది. చీర అంచుకు పల్లేరు కాయలు అంటుకున్నాయి. ఒకటి తీసి పారేసింది.

"సెయ్యి ఇరిగినపుడు సంతోషపడ్డానండి, నిజం సెప్తన్నాను," అన్నాడు దాలయ్య. "అమ్మయ్య, ఒదిలిపోనాది అనుకున్నాను. కళింగపట్నంలో మా ఆడది దానమ్మకి కబురెట్టీసినాను, ఒచ్చీస్తన్నాననీసి. దానికి సేపల గంప దించీవోళ్ళు నేరు, ఎన్నాళ్ళనించో రమ్మంటన్నాది. ఈలోగా మీరు దాలయ్య కోసరం మిషను పెట్టిస్తన్నాన్నారు. ఊళ్ళో అందరూ అదే మాట. నా కోసరమని ఇంత సేస్తంటే నానెలగ పోతానండి? సూరి నన్ను అడిగినాడు, ఏ పక్క ఎట్టమంటావనీసి. నా పక్కే ఎట్టు, నేకపోతే అమ్మాయిగోరు మనసు కష్టపెట్టుకుంటారన్నాను."

అతని చెయ్యి విరిగిన క్షణంలో తను సంతోషించింది. అదే క్షణంలో అతను కూడా. ఇద్దరూ ఆ సంతోషాన్ని ఒకరినుంచి ఒకరు దాచుకుని, వారం రోజులు మర్యాదగా బతికారు. ఆమెకు నవ్వు వచ్చింది, ఏడుపు కూడా వచ్చేదేమో కాని చిరాకే ముందు వచ్చింది, తనమీద. పెద్దదేమీ కాదు ఆ మాట. కుంకుడుగింజంత. ఎంతమంది దాని చుట్టూ నడిచారు, ఎంత జాగ్రత్తగా.

"దాలయ్యా."

"ఏటండి."

"అది నీ కోసం కాదు." మళ్ళీ చెప్పింది. "బొత్తాం నీ కోసం కాదు. నా కోసం. నేను ఒక్కదాన్నీ వెళ్ళాలని."

దాలయ్య మొహం మీదికి నవ్వు రావడానికి కొంత వేళ పట్టింది. వచ్చాక దగ్గు కలిసింది.

"ఆ మాట ముందే సెప్పుంటే, ఈపాటికి నాను మా దానమ్మ సేతి పులుసు తింటందును."

"ఇప్పుడు చెప్పాను కదా."

"ఇప్పుడయినా సెప్పినారు." చెంబులో మిగిలిన నీళ్ళు తాగేశాడు. "బాబుగోరడిగితే?"

"నేను చెబుతాను." చెప్పగలనా అని తనను తాను అడగబోయింది. అడగలేదు.

విశాఖపట్నం వైపు నుంచి దుమ్ము లేచింది. శ్రీకాకుళం పోయే బస్సు. దాలయ్య లేచి, తువ్వాలు లేని భుజం తడుముకున్నాడు. కారు దగ్గరకు వెళ్ళి, సీటు వెనక నుంచి మూట లాగి, తువ్వాలు విప్పి దులిపి భుజాన వేసుకున్నాడు. హేండిల్ను ఎడమచేత్తో కాసేపు పట్టుకుని, కళ్ళకద్దుకుని, మళ్ళీ సీటు వెనక పెట్టేశాడు.

"ఉండనియ్యండి ఇది. బేటరీ పోతే పనికొస్తాది. బొటనేలు మటుకు సుట్టకండి. నాలుగు వేళ్ళ పక్కనే ఉంచండి, అప్పుడు ఎనక్కి తన్నినా జారిపోతాది." కట్టు ఉన్న చెయ్యి చూసుకున్నాడు. "నాను ఆరోజు మరిసిపోనాను."

అతను చెయ్యెత్తితే బస్సు ఆగింది. సామాను ఏదీ లేదు, బట్టలు తర్వాత పంపమని కూడా చెప్పలేదు. మెట్టు మీద ఒక కాలు పెట్టి వెనక్కి తిరిగాడు. అలవాటు కొద్దీ నోరు తెరుచుకుంది.

"ఏ పక్కకి అమ్మాయిగోరూ?"

మొక్కల కోసం అన్న మాట నాలుక చివర తయారుగా ఉంది. ఆమె దాన్ని అక్కడే ఉంచింది.

"తెలీదు," అంది.

అదీ ఒక ఊరి పేరే అన్నట్టు దాలయ్య తల ఊపాడు. "బేగి ఎల్లండి మరి, ఎండెక్కిపోతాది." లోపల నుంచి కండక్టరు ఎక్కడికని అడగడం, దాలయ్య కళింగపట్నం అని బస్సంతా వినపడేటట్టు చెప్పడం వినిపించింది. బస్సు కదిలింది.

పద్మకుమారి వచ్చి స్టీరింగు ముందు కూర్చుంది. పక్కసీటు తోలు మీద మనిషి కూర్చున్న గుంట ఇంకా ఉంది. దుకాణంవాడు గ్లాసులు కడగడం ఆపి చూస్తున్నాడు. ఆడది ఒక్కతే, ఇప్పుడేం చేస్తుంది, ఎవరైనా రావాలేమో అన్నట్టు. తాళం తిప్పి, ఎడమకాలితో క్లచ్చి తొక్కి పట్టుకుంది. ఎడమచెయ్యి చాపింది. అందలేదు. సూరి చక్కగా, దూరంగా, చెక్కకి ఆ చివర పెట్టాడు. ఇంకా వంగింది. స్టీరింగు అంచు పక్కటెముకలకు గుచ్చుకుంది, జడ భుజం మీంచి జారి పక్కసీట్లో పడింది, చెంప ఇంచుమించు ఆ తోలుకి ఆనింది. లవంగం వాసన. కారు ముందు రోజూ ఒక మనిషి ఎలా వంగేవాడో, అలాగే వంగి, వేళ్ళతో తడుముకుంటే ఇత్తడి చట్రం తగిలింది, చల్లగా. దాని నడుమ ఎండి గట్టిపడిన కుంకుమ.

బొటనవేలు దాని మీద ఆనించి, నొక్కింది.